అమానతును ఎవరికి అప్పగించాలి?

హజ్ ప్రయాణానికి ముందు అప్పులు తీర్చడం, నొప్పించినవారిని క్షమాపణ కోరడం, వసియ్యత్ రాయడం మన పెద్దల నుంచి వస్తున్న ఆనవాయితీ. మా దంపతులకు ఆ భాగ్యం లభించినప్పుడు మొదటి రెండూ త్వరగానే ముగిశాయి. వసియ్యత్ దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. మేమిద్దరమూ తిరిగి రాకపోతే ముగ్గురు పిల్లల బాధ్యత ఎవరిది?

మన దేశంలో అమలవుతున్న హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం మైనర్ల ఆస్తికి తండ్రి సంరక్షకుడు. ఆయన తర్వాత ఆయన నియమించిన వసీ, ఆ తర్వాతే తాత. తల్లికి పెంపకపు హక్కు ఉన్నా, ఆస్తిపై అధికారం దానంతటదే రాదు. అయితే తండ్రి ఆమెను వసీగా నియమించవచ్చు. కనుక తండ్రి మరణిస్తే తల్లే వసీ అని మొదటి వాక్యం సులువుగానే రాశాము. ఆమె కూడా లేకపోతే? పిల్లల తాతగారు ఇదివరకే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఎవరినీ నియమించకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టును ఆశ్రయించవలసి వస్తుంది.

మా మనసు పిల్లల పెదనాన్నగారి వైపే మొగ్గింది. ఆయన తహజ్జుద్ వదలని మనిషి. పిల్లలంటే ప్రాణం. కాని ఎవరు చేయి చాచినా కాదనలేరు, లెక్క రాసుకోరు. ఆయన దుకాణం ఆ మెతకదనం వల్లనే మూతపడింది. అనాథల సొమ్ము విషయంలో దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా చేసిన హెచ్చరికలు గుర్తుకు వచ్చి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పెద్దాయన మనసు నొప్పించడమా, పిల్లల హక్కును గాలికి వదలడమా?

చివరకు సహీహ్ ముస్లింలోని ఒక హదీసు మాకు దారి చూపింది. దైవప్రవక్త (స) తమ ప్రియ సహచరుడైన అబూజర్ (రజి)ను అనాథ ఆస్తి నిర్వహణకు పూనుకోవద్దని వారించారు. ఆయన భక్తిలో లోటేమీ లేదు. ఆ బాధ్యతకు కావలసిన సామర్థ్యం వేరు.

ఆస్తి వ్యవహారాలకు పిల్లల బాబాయిని అడిగి, ఒప్పించి, వసీగా రాశాము. పెంపకం అమ్మమ్మకు, ధార్మిక శిక్షణ పెదనాన్నగారికి అప్పగించాము. ఈ మాట ఇతరుల ద్వారా చేరకూడదని మేమే ఆయన ఇంటికి వెళ్లి చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు.

“అబూజర్ హదీసు నేనూ చదివాను. కాగితం ఇలా ఇవ్వండి” అని మొదటి సాక్షిగా సంతకం చేశారు.

అల్లాహ్ దయతో క్షేమంగా తిరిగి వచ్చాము. వసియ్యత్ బీరువాలోనే ఉంది. బతికి ఉన్నంతకాలం దానిని మార్చుకునే హక్కు మనకు ఉంటుంది. పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ, ప్రయాణం ఉన్నా లేకపోయినా, ఈ కాగితం రాసిపెట్టుకోవాలని మా మనవి.