ముఖం చెల్లడం, చెల్లకపోవడం

“నలుగురిలో ముఖం చెల్లలేదు” అంటాం మనం. “ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోను?” అంటాం. ఈ మాటల్ని ఒక చైనా మనిషికి తిప్పి చెప్పండి, వివరణ అడక్కుండానే అర్థం చేసుకుంటాడు. వాళ్ల భాషలోనూ పరువు ఉండేది ముఖంలోనే. పోగొట్టుకునేదీ ముఖమే, ఎదుటివాడికి ఇచ్చేదీ ముఖమే. ఓ పెద్దమనిషి మన యింటి విందుకు వస్తే మనకు “ముఖం ఇచ్చాడు” అంటారక్కడ.

క్రైస్తవ కుటుంబంలో పుట్టి, చరిత్ర విద్యార్థిగా చైనాను గురించి చదువుతూ వచ్చిన నన్ను ఒక ప్రశ్న చాలాకాలంగా వదలడం లేదు. బతుకంతా ముఖం చుట్టూ తిరిగే దేశంలో, అందరి ఎదుటా అవమానం పాలై చనిపోయిన ఒక మనిషిని దేవుడని ఎట్లా చెప్పారు? విన్నవాళ్లు ఎట్లా విన్నారు?

ముందు ఆ ముఖం అంటే యేమిటో చూద్దాం. హూ ష్యెన్‌చిన్ 1944లో ప్రకటించిన వ్యాసం చైనా వారికి ముఖాలు రెండని విడదీసి చూపింది. ఒకటి ‘మియెన్‌జ’: చదువు, సంపాదన, పలుకుబడి వల్ల వచ్చే హోదా. రెండోది ‘లియెన్’: మనిషి గుణాన్ని బట్టి సంఘం అతని మీద ఉంచే నమ్మకం. మొదటిది తగ్గినా ఎలాగో నెట్టుకు రావచ్చు. రెండోది పోతే నలుగురి మధ్యా బతకడమే కష్టం. కాబట్టి సిగ్గు అంటే ఇరుగుపొరుగు వాళ్ల భయం మాత్రమేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. శిక్షలతో పాలిస్తే జనం శిక్ష తప్పించుకోవడం నేర్చుకుంటారే తప్ప సిగ్గుపడటం నేర్చుకోరని కన్‌ఫ్యూషియస్ అభిప్రాయం. మెన్షియస్ అయితే సిగ్గునే ధర్మబుద్ధికి మొలకగా లెక్కించాడు.

అటువంటి వారి దగ్గరకు పాశ్చాత్య బోధకులు తెచ్చిన సువార్త చాలావరకు కోర్టు భాషలో ఉండేది. నేరం, తీర్పు, శిక్ష, విడుదల. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మనకు పాపం వేరు, నేరం వేరు. 1919లో వెలువడి ఇప్పటికీ చాలా సంఘాల్లో చదువుతున్న చైనా బైబిలులో పాపానికి వాడిన మాట ‘జ్వే’. నేరానికీ అదే మాట. అంచేత, ఒళ్లు వంచి పని చేసుకుంటూ, అమ్మానాన్నలను చూసుకుంటూ బతికే మనిషితో “నువ్వు పాపివి” అంటే “నేను ఏ నేరం చేశాను? నన్ను పోలీసులు పట్టుకున్నారా?” అని తెల్లబోతాడు. అదే మనిషితో “కన్నవారికి తలవంపులు తెచ్చిన కొడుకు” అని చూడండి. గుండెలో గుచ్చుకుంటుంది.

సిలువ సంగతి యింకా కష్టం. 1600లో మత్తేయో రిచ్చీ పెకింగ్‌కు పోతుండగా మా థాంగ్ అనే రాజోద్యోగి అతని సామాను వెదికించాడు. అందులో రక్తమోడుతున్న సిలువ ప్రతిమ కనబడింది. చక్రవర్తిని చంపడానికి తెచ్చిన చేతబడి వస్తువు అనుకున్నాడు! ఆ ప్రతిమ దేవుడిదేనని అంతమందిలో చెప్పడానికి రిచ్చీ అంతటివాడు తటపటాయించాడు. తమ కోసం బాధలు పడ్డ ఒక మహాపురుషుడని చెప్పి ఊరుకున్నాడు. 1665లో యాంగ్ గ్వాంగ్‌ష్యెన్ అనే పండితుడు క్రైస్తవాన్ని ఖండిస్తూ వ్రాసిన పుస్తకంలో సిలువ బొమ్మలనే అచ్చువేయించాడు. ఇతడు మరణశిక్ష పడ్డ నేరస్థుడు, చూడండి, అని ఆయన వాదన. ఆలోచిస్తే ఆ విరోధికి సిలువ లోని అవమానం చాలామంది భక్తులకన్నా బాగా తెలిసిందనిపిస్తుంది. రోమన్లు ఆ శిక్షను ఎక్కువగా బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసేవారు. ప్రాణం తీయడం ఒక్కటే కాదు, పరువు తీయడం కూడా వాళ్ల ఉద్దేశం.

దీనికి తోడు మరి రెండు గాయాలు. పితృదేవతలకు చేసే మర్యాదలు క్రైస్తవులు చేయరాదని 1704లోనూ 1715లోనూ రోమునుంచి ఆజ్ఞలు వచ్చాయి. తాతముత్తాతల ముందు తలవంచని కొడుక్కి చైనాలో ముఖం ఎక్కడిది? ఖాంగ్‌షీ చక్రవర్తి కోపించి 1721లో మతప్రచారాన్ని నిషేధించాడు. పోపు ఆ ఆంక్షను సడలించింది 1939లో. ఈలోగా నల్లమందు యుద్ధాలు జరిగాయి. 1842, 1858 సంధుల వెంట, ఓడల ఫిరంగుల నీడలో, బోధకులు లోపలికి వచ్చారు. దేశానికి జరిగిన అవమానంలో సువార్తకూ వాటా అంటుకుంది. ఒక క్రైస్తవుడు పెరిగితే ఒక చైనావాడు తగ్గినట్టే అనే మాట ఊరికే పుట్టలేదు.

ఇంత తెలిశాక తప్పిపోయిన కుమారుడి కథను చైనావాడి కళ్లతో మళ్లీ చదివాను. 7వ శతాబ్దపు థాంగ్ శిక్షాస్మృతిలో పది ఘోరాపరాధాల్లో పితృభక్తి లేకపోవడం ఒకటి. తల్లిదండ్రులు బతికుండగా ఆస్తి పంచుకు పోవడం అందులోకే వస్తుంది. కథలో చిన్నకొడుకు చేసింది సరిగ్గా అదే. తండ్రి యేం చేశాడు? వీధిలో పరిగెత్తాడు! పెద్దమనిషి అట్లా పరిగెత్తడం వాళ్ల ఊళ్లోనూ మన ఊళ్లోనూ మర్యాద కాదు. కొడుకు తెచ్చిన తలవంపులు చాలవన్నట్టు తన పరువు కూడా వీధిలో పారబోసుకున్నాడు. ఆపైన కొడుక్కి మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు, నలుగురినీ పిలిచి విందు. క్షమించానని చెప్పి లోపలికి పంపెయ్యలేదు, అందరి ఎదుటా ముఖం తిరిగి ఇచ్చాడు. సిలువ అర్థం నాకు యిక్కడ తెలిసింది.

మన తెలుగునాట కథ వేరుగా నడిచింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరిబావి దగ్గరకు కూడా రానివ్వని వాళ్లు. చైనా పండితుడు క్రైస్తవుడైతే ఉన్న ముఖం పోతుందని భయపడ్డాడు. వీళ్లకు పోగొట్టుకోవడానికి సంఘం ముఖమే ఇవ్వలేదు. మా అమ్మమ్మకు తీర్పు, విమోచన అనే పెద్ద మాటలు పట్టేవి కావు. “నలుగురిలో నా తల ఎత్తావు తండ్రీ” అనే ప్రార్థించేది. ప్రసంగాల్లో దొరకని వేదాంతం ఆ ఒక్క వాక్యంలో ఉందని ఇప్పుడనిపిస్తుంది.

అయితే పరువే సర్వస్వం అనుకుంటే ప్రమాదం. ముఖం కాపాడుకోవడానికే తప్పులు కప్పిపుచ్చుతాం, ఇంటి గుట్టు పేరుతో ఆడపిల్లల నోరు నొక్కుతాం. నిజంగా చేసిన తప్పును తప్పు అనకుండా గౌరవం మాత్రం తిరిగి ఇచ్చేస్తే అన్యాయానికి గురైనవాడి గతేమిటి? అందుకే కోర్టు భాష పనికిరాదని నేను అనను. అదొక్కటే చాలదంటాను. కథలో కొడుకు కూడా తన పాపం ఒప్పుకున్నాడు. అయితే ఆ మాట నోట వచ్చేలోగానే తండ్రి కౌగిలించుకున్నాడు.

పరీక్ష తప్పి, ఇంటికి ముఖం చూపించలేక పండక్కి కూడా హాస్టల్లోనే ఉండిపోయేవాళ్లను మనందరం ఎరుగుదుం. అటువంటివాడికి “నీ తప్పేమీ లేదు” అని అబద్ధం చెప్పనక్కర్లేదు. “నీ కర్మ” అని తప్పుకోనూ కూడదు. మిత్రులారా, క్రైస్తవులమైనా కాకపోయినా, వాడు మన దగ్గరకు వచ్చేదాకా ఆగకుండా మనమే వాడి గదికి వెళ్లి, నలుగురూ చూస్తుండగా మెస్సుకు వెంటబెట్టుకు రావచ్చు గదా!