ముప్ఫయి నలుగురి లెక్క

లెక్కల మేష్టరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేశాను. ఏ లెక్కా నన్ను భయపెట్టలేదు. ఈమధ్య ఒకటి భయపెట్టింది.

మా మనవరాలికి పదకొండేళ్ళు. రెండేళ్ళ కిందట బుగ్గలమీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ లేచింది. ఎండ తగిలిందనుకున్నాం. తరవాత కీళ్ళనొప్పులు, జ్వరం, మూత్రంలో ప్రోటీను. లూపస్ అన్నారు. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే ఇంటివాళ్ళమీద కర్ర ఎత్తటంలాంటి జబ్బట. స్టిరాయిడ్లకి పిల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది. బళ్ళో ఎవరో "బూరె" అన్నారట. ఇంటికొచ్చి అద్దం గోడవేపు తిప్పేసింది.

అదుగో, అప్పుడు దిగాడొకాయన. ఏదో క్లినిక్కులో స్టెమ్ సెల్ ఇంజక్షన్లిస్తారట, ఎనిమిది లక్షలట, మందులన్నీ మానెయ్యొచ్చట. "పిల్లకంటే పొలం ఎక్కువా మేష్టారూ?" అన్నాడు. మీరైతే ఏం జవాబు చెప్పేవారు? నేను ఎకరం బేరం పెట్టాను.

కోడలు మాత్రం, "డాక్టరమ్మగారితో ఒక్కమాట చెప్పాక సంతకం పెట్టండి మావయ్యగారూ" అంది. వెళ్ళాం.

ఆవిడ విసుక్కోలేదు. స్టెమ్ సెల్ చికిత్స ఒట్టి కట్టుకథ కాదన్నారు. జబ్బు ఏ మందుకీ లొంగనప్పుడు రోగి స్టెమ్ సెల్సే తీసి దాచి, గట్టి మందులతో పాత కాపలాదళాన్నంతా తుడిచిపెట్టి, వాటిని తిరిగి ఎక్కిస్తారట. కొత్త దళం తయారయ్యేదాకా ఇంటికి తలుపుల్లేనట్టే. 2004లో ఐరోపా వైద్యులు మొండి కీళ్ళవాతం ఉన్న 34 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. 18 మంది మందులక్కర్లేకుండా తేరుకున్నారు. ముగ్గురు ఆ చికిత్సవల్లే పోయారు.

"లూపస్‌కీ ఇదే లెక్కని చెప్పను. మీ పిల్ల మందులకి లొంగుతోంది, అంతదాకా పోనక్కర్లేదు. ఇక ఆ ఇంజక్షన్లంటారా, అవి ఈ చికిత్సే కాదు. లూపస్‌లాంటివాటికి పరిశోధనగా తప్ప ఇవ్వకూడదని 2017 నాటి జాతీయ నిబంధనలున్నాయి" అన్నారు.

బస్సులో ఆ అంకెలే. పద్ధెనిమిదంటే నూటికి యాభై మూడు. మా రోజుల్లో పాసుమార్కుకి మించే. మూడంటే నూటికి తొమ్మిది, బోర్డుమీద చిన్న అంకె. నా భుజంమీద తల పెట్టుకుని పిల్ల నిద్రపోతోంది. ఆ మూడుని చిన్నదనుకోవటం నావల్ల కాలేదు.

బేరం మానేశాను. ఆ పెద్దమనిషి నా పిసినారితనం ఊరంతా చాటాడు. చాటనీ. కాని ఒక్కొక్క రాత్రి నాకూ అనుమానం వస్తుంది, పొలంమీద మమకారమే నాచేత ఇలా లెక్కలు కట్టించిందేమోనని.

ఇప్పుడు స్టిరాయిడు సగానికి తగ్గించారు. మలేరియాకని వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర రోజూ నేనే ఇస్తాను. నిన్న పొద్దున, "తాతయ్యా, ఇంకా ఎన్నాళ్ళు?" అంది.

"గొడుగేదే? బడికి వేళయింది" అన్నాను.