కాగితం అడగని బండి

మాకు ప్రయాణాలు తెలియవని కాదు. ఉర్సులకి వెళ్ళాం, పెళ్ళిళ్ళకి వెళ్ళాం. మామూ జమాత్‌తో నలభై రోజులు తిరిగొచ్చాడు. పెద్దబ్బా కొడుకు గల్ఫుకి పోయి పదేళ్ళకి ఇల్లు చేరాడు. ఆసుపత్రి ప్రయాణాలకైతే లెక్కే లేదు. పెళ్ళీ చావూ లేకుండా, ఊరికే కొండ చూద్దామని బయల్దేరిన ప్రయాణం మాత్రం మూడు తరాలుగా మా ఇంట్లో ఒక్కటీ లేదు. కంచరపాలెం నుంచి అరకు నూట పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. కిరండూల్ పాసింజరు మా పేటని ఒరుసుకునే పోతుంది. దాని కూతతో పొద్దు లెక్కపెట్టుకునే అమ్మీ ఇప్పటిదాకా బొర్రా గుహలు చూడలేదు.

డబ్బు లేక అనేస్తే సగమే చెప్పినట్టు. మాకంటే లేనివాళ్ళు కూడా కార్తీకమాసంలో పిక్నిక్కులకి పోతారు. మాకు అడ్డం పడింది 'మనకెందుకు' అనే మాట. ఆ మాట మా ఇంట్లో పుట్టలేదు. బయట్నుంచి వచ్చి మా నాలిక మీద కాపురం పెట్టింది.

ఈ చలికాలం, రంజాను రాకముందే, వెళ్ళాలని తేల్చుకున్నాం. మేమంటే అబ్బా, అమ్మీ, అన్నదమ్ములిద్దరం, చెల్లెలు. బండి మా వీధి స్నేహితుడి బొలెరో, తోలేది కూడా అతనే. బండి పైన రెండు, వెనక స్టాండుకి రెండు, మొత్తం నాలుగు కరెంటు సైకిళ్ళు. కొండల మీద తొక్కే రకం, లావు టైర్లవి. రెండు అద్దెకి, రెండు సెకండ్ హ్యాండువి, మేమే బాగుచేసుకున్నవి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా బొలెరోలో. ఘాటు మొదలయ్యే చోట సైకిళ్ళు దింపుతాం. అనంతగిరి కాఫీ తోటల మీదుగా అరకు. అక్కణ్ణుంచి మళ్ళీ బండెక్కించి పాడేరు, చింతపల్లి, లంబసింగి. నర్సీపట్నం వైపు దిగి అనకాపల్లి మీదుగా ఇంటికి. నాలుగు రోజులు.

ఈ సైకిలు గురించి కాస్త చెప్పాలి. మోటారు శక్తి 250 వాట్లు దాటకుండా, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనం కింద లెక్కపెట్టదు. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఇనప్పెట్టె బోర్లించి తాత పుట్టిన ఊరి కాగితం కోసం వెతికినవాళ్ళం మేం. కాగితం అడగని బండి ఒకటి ఈ దేశంలో ఉందని తెలిసినప్పుడు సైకిలుకంటే ముందు ఆ సంగతే మాకు నచ్చింది.

తమ్ముడు గుణించి చూశాడు. మనిషీ సైకిలూ కలిపి నూరు కిలోలు. కింద నుంచి పైకి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. అంత బరువు అంత ఎత్తుకి చేర్చడానికే 245 వాట్ అవర్ల కరెంటు కావాలి. మోటారులో వేడిగా పోయేది, రోడ్డు రాపిడి, ఎదురుగాలి కలిపితే ఇంకా ఎక్కువ. మా బ్యాటరీ 36 వోల్టులు, 10 యాంపియర్ అవర్లు, అంటే 360. ఊరికే కూచుంటే పైదాకా లాగుతుందన్న నమ్మకం లేదు. తొక్కుతూ ఉంటే లాగుతుంది. కాళ్ళు కొంత, కరెంటు కొంత. అబ్బా మోకాళ్ళు అరిగిపోయాయి, ఆయన వాటా కాస్త తగ్గించి మోటారు వాటా పెంచుకోవచ్చు. అరవై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళ కొడుకు పక్కపక్కనే అనంతగిరి ఎక్కడమంటే ఈ సైకిలు వల్లే అవుతుంది.

ఇక పంచర్ల సంగతి. అబ్బాది సైకిలు షాపు. ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు, రైల్వే క్వార్టర్స్ పిల్లలందరూ ఆయన సైకిళ్ళ మీదే తొక్కడం నేర్చారు. వాళ్ళలో కొందరి పిల్లలు ఇవాళ ఫోనుల్లో మమ్మల్ని 'పంచరువాలాలు' అంటున్నారు. 2025 ఏప్రిల్ 14న హిస్సార్‌లో ప్రధానమంత్రిగారు కూడా ఆ మాట ఎత్తారు. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిలు పంచర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. జాలి చూపించినట్టే ఉంది. ఉద్యోగాలూ బ్యాంకు అప్పులూ మాకెంత తక్కువ అందాయో సచార్ కమిటీ 2006లోనే లెక్కలతో చెప్పింది. ఆ లెక్కల గురించి మాట్లాడితే విందుం. మాట్లాడింది పంచరు గురించి.

పంచరు వెయ్యడం తప్పుపని కాదని మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాల్సి రావడమే మాకు అవమానం. ఈ ప్రయాణం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ఈ సైకిళ్ళకి మోటారు వెనక చక్రం నడుములోనే ఉంటుంది. చక్రం విప్పాలంటే వైరు కనెక్టరు ఊడదియ్యాలి, పెద్ద స్పానరుతో నట్లు తియ్యాలి, బిగించేటప్పుడు వైరు నలక్కుండా చూడాలి. ఘాటు రోడ్డు వారగా, లారీలు పోతుంటే, పెద్ద తతంగం. అబ్బా చక్రం ముట్టుకోడు. టైరు ఒక పక్క లేపి, ట్యూబు అంతవరకే బయటికి లాగి, చెంబెడు నీళ్ళతో బుడగ పట్టుకుని, గరుకు కాగితం రుద్ది, సొల్యూషను పూసి, ప్యాచీ అంటించి లోపలికి తోసేస్తాడు. పది నిమిషాలు.

అసలు చిక్కు గదుల దగ్గర వచ్చింది. ఒక లాడ్జికి ఫోను చేశాం. ఖాళీ ఉందన్నారు. పేరు చెప్పాం. చూసి చెప్తామన్నారు, తర్వాత ఫోను ఎత్తలేదు. స్నేహితుడు చేస్తే గది దొరికింది. "బాబాయ్, నా పేరు మీద రాయించేత్తాను. ఏటవుద్ది?" అన్నాడు, ప్రేమగానే. ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదన. పేరు దాచుకుంటే సుఖంగా పోయి రావచ్చని ఒకరు. పేరు దాచుకుని చూసే కొండ ఏం కొండ అని చెల్లెలు. మా పేట పేరు రాష్ట్రమంతా మోగించిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. అందులో మా పేరున్న సలీమా చివరిదాకా బతకదు. సినిమా మంచిదే. కానీ పేరు చెప్పుకుని బతికుండే సలీమా మా ఇంట్లో ఉంది, అరకు వెళ్తానంటోంది.

అబ్బా తేల్చాడు. ఆ గది వద్దు, మన పేరు విని ఇచ్చేది వెతకండి అన్నాడు. అరకు దగ్గర పల్లెలో ఒక ఆదివాసీ కుటుంబం దొరికింది. పేరు రాసుకుని, ఎంతమంది అని అడిగి, దుప్పట్లు తెచ్చుకోమన్నారు. ఛార్జింగుకి ప్లగ్గు ఉంది, రాత్రి అయిదారు గంటలు పెడితే బ్యాటరీ నిండుతుంది. బొంగు చికెన్ వండుతారా అన్నాం. కోడిని మేమే బిస్మిల్లా చెప్పి కోసుకుంటాం, బొంగులో పెట్టడం మీది అన్నాం. సరే అన్నారు. అదంత పెద్ద విషయంగా వాళ్ళకి తోచలేదు.

అది వాళ్ళ నేల. 1/70 చట్టం ఉన్నా దాన్ని కాపాడుకోడానికి వాళ్ళు పడే పాట్లు మాకు కొత్త కాదు. అందుకని పొలం గట్ల మీదా, అడవి బాటల్లోనూ ఊరివాళ్ళు వెళ్ళమన్న చోటే చక్రం దించుతాం.

ఏజెన్సీ నుంచి గంజాయి దిగుతుందని ఘాట్ల కింద బళ్ళాపి సోదా చేస్తారు. చెయ్యాలి కూడా. కానీ మా బండిలో ఏమేం ఉంటాయో చూడండి. నాలుగు బ్యాటరీలు, ఛార్జర్లు, వైర్ల చుట్ట, మీటరు. పక్కన మా పేర్లు, అబ్బా గడ్డం. ఈ దేశంలో ఈ రెండూ ఒకచోట కనపడితే ఏమనుకుంటారో మేం చెప్పక్కర్లేదు. అందుకని పెట్టె మీద 'సైకిలు బ్యాటరీలు' అని పెద్ద అక్షరాలతో రాశాం. బిల్లులు, అద్దె రసీదులు, అందరి ఆధార్ కాపీలు ప్లాస్టిక్ కవరులో పెట్టాం. కాగితం అడగని బండికి ఇప్పుడు బొలెరో కంటే లావు ఫైలు ఉంది.

నమాజు సంగతి అబ్బా చూసుకున్నాడు. మా హనఫీల లెక్కలో డెబ్భై ఏడు కిలోమీటర్ల చిల్లర దాటితే మనిషి ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జు రెండే చదవాలి. జుహర్ అనంతగిరిలో, రెండు రకాతులు. ఇన్నేళ్ళలో ఆ వెసులుబాటు తీసుకున్నది ఎక్కువగా చావులకి పోయినప్పుడే.

దిగుడు మీద భయం ఉంది. దిగేటప్పుడు మోటారు సాయం చెయ్యదు, భారమంతా డిస్కు బ్రేకుల మీదే. బ్రేకు ప్యాడ్లు రెండు జతలు ఇంకా కొనాలి. సైకిళ్ళు నాలుగే. అమ్మీ బొలెరోలో కూచుంటుందనుకున్నాం. మొన్న అన్నం పెడుతూ, అందులో నాదేది అని అడిగింది. అన్నదమ్ములిద్దరిలో ఎవరు బండిలో కూచోవాలో ఇంకా తేలలేదు.