రెండంగుళముల ఎత్తు

ఏపీ 36 అను వరంగల్లు సంఖ్యను నేటికిని నొసట దాల్చి, 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనను ఆ పంపకముతో తనకేమియు నిమిత్తము లేనట్లు మూడింటను యథాపూర్వముగా తిరుగుచున్న మా కమాండరు జీపు, గత వర్షాకాలమున భూపాలపల్లి దాపున ఒక మట్టిబాటలో కడుపు రాచుకొని కదలక నిలిచినప్పుడు, దాని ఎత్తు పెంచవలెనన్న సంకల్పము మొదట కలిగినది నాకు గాదు. ఆ ఊరిలో సింగరేణి గనికొలువు చేయు మా బావమరిదికి.

"బావా, నాలుగంగుళాలు లేపుదాం. ఇంత లావు టైర్లేద్దాం. అప్పుడు సూడు, ఎట్లుంటదో!" అని అతడు ఫోనులో నొక బొమ్మ చూపెను. అందొక జీపు నల్లని బండరాతిపై ముందుకాళ్లు మోపి, ఆకాశమువంక మొగమెత్తి, గర్జింపబోవు సింహమువలె నున్నది. మా త్రోవలో అట్టి బండ ఎచ్చటను లేదని నాకు తెలియును. అయినను, అరువదేండ్లు దాటినవానికిని సింహమునెక్కి తిరుగవలెనన్న కోరిక పుట్టదని యెవరనగలరు?

మా జీపు నడుచు త్రోవలు మూడు విధములు. జనగామనుండి వరంగల్లుకు పోవు 163వ నంబరు జాతీయ రహదారి నున్నగా నుండును గనుక అచ్చట ఏ బండియైనను బండియే. మానుకోట వైపు (మహబూబాబాదు అని బోర్డులపై వ్రాసినను మా నోట వచ్చునది మానుకోటయే) మిరపచేలకు దిగు రేగడిబాటలు వానపడినంతనే బంకగా మారి, టైరు గాళ్లను పూడ్చి, దానిని నున్నని గుండువలె చేసివేయును. భూపాలపల్లి వైపు బరువులారీలు తిరిగిన మట్టిబాటలలో రెండు చాళ్లు లోతుగా పడి, వాని నడుమ దిబ్బ మిగులును. చక్రములు చాళ్లలో దిగిన కొలది ఆ దిబ్బ బండి కడుపునకు చేరువగును. ఇక వాగుల మాట తలపకుండుటయే మేలు. 2023 జులైలో మోరంచవాగు పొంగినప్పుడు జేసీబీ నెక్కి నిలిచినవారిని సైతము హెలికాప్టరు వచ్చి తీయవలసి వచ్చెను. జేసీబీకే చాలని ఎత్తును బాడీని పైకెత్తు నాలుగంగుళముల కిట్టు మా జీపునకు ఎట్లు చేకూర్చగలదు?

తుదకు బండిని మానుకోటలోని ఒక షెడ్డునకు తోలుకొనిపోతిమి. అచ్చటి మేస్త్రీ ఫోనులోని సింహమును చూడనైన చూడక, గోనెసంచి పరచుకొని బండి క్రిందికి దూరి, కొంతసేపటికి అరచేతినిండ ఎఱ్ఱమట్టితో వెలువడి యిట్లనెను: "సారూ, తాకింది బాడీ గాదు, హౌసింగు. కమాన్లు ఎంత లేపినా బాడీ లేస్తది గని హౌసింగు లేవది. దాన్ని లేపేది టైరొక్కటే."

ఇంతటి సత్యము నా కింతకాలము తట్టకపోవుట వింత. ఇరుసు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియున్న ఆ హౌసింగు చక్రములతో కూడి నేలమీదనే యుండును. కమానులు తమ పైనున్న బాడీని మాత్రమే మోయును. కిట్టు వేసినచో బాడీ మేడయెక్కును, గుమ్మడికాయ పెరటిలోనే మిగులును. పోనీ, టైరునే పెంచుదమన్నను లెక్క అంత ఉదారమైనది గాదు: చక్రపు వ్యాసము మూడంగుళములు పెరిగిన ఇరుసు ఒకటిన్నర అంగుళమే లేచును. పైగా చుట్టుకొలత పదింట నొకవంతు హెచ్చినచో ముల్లు అరువది చూపునప్పుడు బండి అరువదియారులో పోవుచుండును. ఇంజను బరువుగా లాగును, బ్రేకునకు శ్రమ యెక్కువగును. కమానుల నెత్తినచో ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరిగి కీళ్లు త్వరగా అరుగును, బ్రేకుగొట్టములు చాలక బిగిసిపోవును, మలుపులలో బండి తూలును. ఇవి యన్నియు సరిచేయించుకొందమన్నను, 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఆ మాటనే గట్టిపరచినది. ఇది వినునప్పటికి మా బావమరిది ఫోనును జేబులో పెట్టుకొనెను.

అంతట మేస్త్రీ ఒక టేపు తీసి, నేలనుండి గాక, చక్రము నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువరకు నాలుగువైపుల కొలిచి, ఆ అంకెలను బానెటు దుమ్ముపై వ్రేలితో వ్రాసెను. ఎడమవైపుకంటె కుడివైపు అంగుళము తక్కువ. డ్రైవరు కూర్చుండు వైపది. అనగా ఇన్నేండ్లు నేను కూర్చున్న వైపు. ఆ అంకె నాకు తూనికరాతివలె కనబడి కొంత సిగ్గు కలిగెను. కమానుకట్టలు విల్లువలె వంగియుండవలసినవి పలకలవలె చాచుకొని పోయినవి. కొన్ని పట్టీలు విరిగి, యూబోల్టుల బిగువున మాత్రమే నిలిచియున్నవి. ఎన్ని మిరపబస్తాలు, ఎన్ని పెండ్లివారి పెట్టెలు, ఎన్ని మేడారపు జాతరలకు ఎత్తు బంగారమనుచు నెక్కించిన ఎన్ని బెల్లపుదిమ్మలు ఆ వంపును హరించెనో! వంపును మరల కొట్టించుదమా యని యడిగితిని. "కొట్టియ్యొచ్చు సారూ, నాలుగు నెలలకు మల్ల పంటది" అని అతడు క్రొత్తకట్టలనే వేయుమనెను. నాకును అదియే నచ్చెను.

టైర్ల సంగతిలో మాత్రము ఎవరి మాటయు వినక నేనే వంగి చూచితిని. కొలత పాతదే, 6.00-16: ఆరంగుళముల వెడల్పు, పదునారంగుళముల రిమ్ము. రేగడిని విదిలించు వెడదగాళ్ల నైలాను టైరు కోరితిని. రేడియలు చల్లగా నడుచును, డీజిలు పొదుపు చేయునుగాని, దాని పక్కగోడ పలుచన, మా చేల గట్లలోని మోళ్లకు అది తాళలేదు. దుకాణదారు తళతళలాడు టైరు నొకటి దొర్లించి "నిన్ననే వచ్చింది సార్" అనెను. పక్కగోడపై చిన్న అండాకారపు గీతలో నాలుగంకెలున్నవి, 3518. మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. అనగా 2018లో 35వ వారమున పుట్టిన రబ్బరు నిన్ననే వచ్చినదట! దుకాణమునకు నిన్న వచ్చియుండవచ్చు, నేను కాదనను. వేరొకటి తెప్పించుకొంటిని. రీబటను టైర్లు సగము ధరకే దొరకును గాని వానిజోలికి పోలేదు.

పని ముగిసినపిమ్మట మేస్త్రీ మరల టేపు పట్టెను. నాలుగు మూలలును సమముగా వచ్చినవి. బాడీ మొత్తము మీద రెండంగుళములు లేచినది, టైర్ల గాళ్లలో అరిగిపోయిన రబ్బరు తిరిగి వచ్చినందున హౌసింగును ఒక సెంటీమీటరు మేర లేచినది. "మరి ఆ దిబ్బ సంగతి?" అని మా బావమరిది దీనముగా నడిగెను. "నడిమిట్ల దిబ్బుంటె చాళ్లల్ల ఎందుకు పోతవే? ఒక చక్రం దిబ్బ మీదికెక్కియ్యి, ఒకటి పక్కకెయ్యి" అని అతడు చేతులు తుడుచుకొనెను.

ఇంటికి చేరిన మరునాడు ఊరికి బయలుదేరునప్పుడు మా యింటియామె ఎప్పటివలె పాదమెత్తి, అడుగుపలక అందక, ఒక చేత తలుపు పట్టుకొని నిలిచిపోయెను.

"ఎత్తు పెంచలేదంటిరి గదా?"

"పెంచలేదు. కొన్ననాటి ఎత్తే యిది."

"కొన్ననాడు నా మోకాళ్లు గూడ కొత్తయే" అని ఆమె లోపలికి పోయి, వంటయింటి పీట తెచ్చి, దానిపై కాలుమోపి బండి నెక్కెను. ఆ పీట యిప్పుడు వెనుక స్టెప్నీ ప్రక్కన, జాకీమీద బోర్లించి యుండును.