స్పానిషు నేర్వబోవువారికి

అమెరికాదేశపు పశ్చిమభాగమున నివసించు ఆంగ్లభాషీయుడు స్పానిషు నేర్వవలెనని సంకల్పించిన దినమున, ముక్కుమొగము తెలియని భాష యెదుట నిలిచితినని భావించుట సహజమే గాని, పుట్టినది మొదలు ఆ భాషలోని మాటలనే తాను ఊరిపేర్లుగా, రాష్ట్రములపేర్లుగా ఉచ్చరించుచున్నాడను సంగతి అతనికి స్ఫురింపదు. 1781లో స్పానిషు వలసదారులు నెలకొల్పిన లాస్ ఏంజెలిస్ దేవదూతల పేర వెలసిన నగరము. నెవాడా యనగా మంచు కప్పినది. కొలరాడో యనగా ఎఱ్ఱనిది. ఫ్లోరిడా యనగా పూలు నిండినది. 1848లో గ్వాదలూపె హిదాల్గో సంధివలన మెక్సికో భూభాగమున విశేషాంశము అమెరికాకు సంక్రమించినపుడు ప్రభుత్వము మారినది గాని అచ్చటి స్పానిషు పేర్లు చాలవఱకు మారలేదు. ఒక సాయంకాలము దేశపటమును ముందఱ పఱచుకొని, ఆ పేర్లను వాని జన్మభాషలోని ఉచ్చారణతో చదువుకొనుటకంటె మేలైన తొలిపాఠము అతనికి వేఱొకటి ఉండునని నాకు తోచదు.

ఆంగ్లమునకును స్పానిషుకును గల చుట్టరికము ఇంతటితో ముగియదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి ద్వారమున లాటిను మూలకములగు పదములు వేలకొలదిగా ఆంగ్లమున ప్రవేశించినవి. స్పానిషో లాటిను కడుపున పుట్టిన బిడ్డయే. 'నేషన్' అక్కడ 'నసియోన్' అగును, 'ఎడ్యుకేషన్' 'ఎదుకసియోన్' అగును. అమెరికా ప్రభుత్వము తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పు సంస్థలో స్పానిషుకు 600 నుండి 750 గంటల బోధన చాలునని నిర్ణయించి, జపనీయభాషకు 2200 గంటలు కేటాయించుటకు ఈ బాంధవ్యమే ముఖ్యకారణము.

ఐనను, ఆంగ్లభాషీయునకు తొలినాళ్లలో కలుగు ప్రతిబంధకము సైతము ఈ సారూప్యమునుండియే పుట్టుచున్నదని నా నిశ్చితాభిప్రాయము. 'లార్గో' అను మాటను చూచి పెద్దదనుకొనును, అది పొడవైనది. 'ఎక్సితో' అను మాటను చూచి బయటికి దారి యనుకొనును, దాని కర్థము విజయము. ఇట్టి పొరపాట్లు నిఘంటువు చూచినంత మాత్రమున తొలగిపోవును. తొలగనిది మఱియొకటి కలదు: పుట తెఱచినంతనే పరిచితములైన నామవాచకములు వందలకొలదిగా కానవచ్చుటచే, భాష సగము చేతికి చిక్కినదని నమ్మి, అభ్యాసకుడు ఉచ్చారణమును, క్రియను ఉపేక్షించును. స్పానిషు ప్రాణమంతయు ఆ రెంటియందే కలదు.

ముందుగా ఉచ్చారణము. స్పానిషున అచ్చులు ఐదే. అ, ఎ, ఇ, ఒ, ఉ లకు సమీపములైన ఆ ఐదును పదమున ఎచ్చట నున్నను తమ స్వరూపమును విడువవు. ఆంగ్లమున ఊదిపలుకని అచ్చు అస్పష్టమై, ఉన్నదో లేదో తెలియనట్లుండును. ఈ యలవాటుతో స్పానిషు పలికినచో కలుగు నష్టము చిన్నది కాదు: 'ఎర్మానో' సోదరుడు, 'ఎర్మానా' సోదరి, తుది అచ్చును మ్రింగినవాడు తన తోబుట్టువు ఆడయో మగయో చెప్పనివాడగును. ఇక ఊనిక విషయము: 'ఆబ్లో' అను మాటలో తొలి అక్షరమును ఊది పలికినచో 'నేను మాట్లాడుదును' అనియు, తుది అక్షరమును ఊది పలికినచో 'అతడు మాట్లాడెను' అనియు అర్థము. కర్తయు, కాలమును ఆ ఒక్క ఊనికతో మాఱిపోవును. కన్నుతో మాత్రమే చదువువాడు దీనిని ఎన్నటికిని పట్టుకొనజాలడు. అదృష్టవశమున, ఊనిక ఎచ్చట పడునో ఆ లిపియే తెలుపును. నియమమును తప్పిన పదములకు అచ్చుమీద గీత యుండును. ఉచ్చరించునట్లే వ్రాయవలెనని, వ్రాసినట్లే ఉచ్చరింపవలెనని 1492లో తన కాస్తీలియ వ్యాకరణమున ఆంటోనియో దె నెబ్రిహా విధించెను. 1713లో స్థాపితమైన రాజ అకాడమీ చాలవఱకు ఆ మార్గముననే నడచినది.

ఇచ్చట మన పిల్లలతో ఒక మాట చెప్పవలసియున్నది. టెక్సాసున, కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలో పాఠశాలయందు స్పానిషు ఎన్నుకొనువారు కలరు. వారు ఆంగ్లము ననుసరించి 'టాకో' అందురు; మెక్సికోవాసి 'తాకో' అనును. నాలుకకొన పంటికి తగులు ఆ తకారమును ఆంగ్లభాషీయుడు ఎంతో కష్టించి సాధింపవలసియుండగా, ఇంట నిత్యము పలుకు తకారమును మఱచి మన బిడ్డలు అతని కష్టమును అరువు తెచ్చుకొనుట నాకు విచారము కలిగించును. 'పెరో' అనగా కాని. 'పెఱ్ఱో' అనగా కుక్క. రేఫ, శకటరేఫముల భేదము మన నోళ్లలో నశించినను లిపిలో మిగిలియున్నది గనుక, ఆ రెండు మాటలను వేఱువేఱుగా వ్రాసికొనుటకైనను అది అక్కఱకు వచ్చును.

క్రియ సంగతి మఱింత గంభీరమైనది. 'వచ్చితిని' అన్నపుడు 'నేను' అని వేఱుగా చెప్పనక్కఱలేనట్లే స్పానిషునను క్రియాంతమే కర్తను చూపును; ఆంగ్లభాషీయుడు మాత్రము ప్రతి వాక్యమున 'యో' అని నేనును చేర్చుచుండును. ఆంగ్లమున ఒక్కటైన ఉనికిక్రియ స్పానిషున 'సేర్' అనియు, 'ఎస్తార్' అనియు రెండు. శాశ్వతమునకు మొదటిది, తాత్కాలికమునకు రెండవది యని బోధించు పుస్తకములు కలవు. కాని మృతుని గూర్చి 'ఎస్తా ముయెర్తో' అని రెండవ క్రియతోనే చెప్పుదురు, మరణముకంటె శాశ్వతమేమున్నది? స్వభావమును తెలుపునది మొదటిదనియు, ప్రాప్తమైన అవస్థను తెలుపునది రెండవదనియు గ్రహించుట మేలు. 'ఎస్ అబుర్రిదో' అనిన ఆ మనుష్యుడు విసుగు పుట్టించువాడు. 'ఎస్తా అబుర్రిదో' అనిన అతడు విసిగియున్నాడు.

'మే గుస్తా ఎల్ కఫే' యను వాక్యమొద్ద ఆంగ్లభాషీయులు చాలకాలము తడబడుదురు. వారి భాషలో 'నేను' కర్త, కాఫీ కర్మ. ఇచ్చట కాఫీ కర్త, ఇష్టపడువాడు చతుర్థీవిభక్తిలో నుండును. 'నాకు కాఫీ రుచించును' అను తెలుగు వాక్యమున ఉన్నదీ కూర్పే. రుచ్యర్థకములగు ధాతువుల విషయమున ప్రీతినొందువానికి చతుర్థి వచ్చునని పాణిని విధించియున్నాడు. ఆంగ్లమున వ్రాసిన వాచకముతో స్పానిషు నేర్చుకొను తెలుగువాడు ఇట్టిచోట్ల ఆంగ్లమును ప్రక్కకు నెట్టి తన మాతృభాషతో పోల్చిచూచుకొనవలెను. నువ్వు, మీరు అను భేదము సైతము 'తూ', 'ఉస్తెద్' అని అక్కడ ఉన్నది. వీనిలో రెండవది 'తమ అనుగ్రహము' అను గౌరవవచనమునుండి పుట్టినది. ఆర్జెంటీనాలో 'తూ'కు బదులు 'వోస్' అందురు గాని, దానిని గూర్చి ప్రారంభకుడు చింతింపనక్కఱలేదు.

తొలి మాసములలో ఏమి చదువవలెనని అడుగువారికి, వాచకముతో పాటు చిలీ కవి పాబ్లో నెరూడా 1954లో ప్రకటించిన 'ఓదాస్ ఎలెమెంతాలెస్' అను సంపుటమును నేను చూపుదును. అందు ఉల్లిగడ్డమీద, టమాటామీద గీతములు కలవు. పంక్తులు మిక్కిలి పొట్టివి, ఒక్కొక్కటి రెండు మూడు మాటలకు మించకుండుట తఱచు. అర్థము పూర్తిగా తెలియలేదని ఆగవలదు. దినమున కొక్క పుట చొప్పున, తుది అచ్చు స్పష్టముగా, క్రియ కనబడినచోట కర్త యెవరని ప్రశ్నించుకొనుచు, ఇంటిలోనివారు వినునంత గట్టిగా దానిని చదువుడు.