ఉలవల రోడ్డు మీద రేసు బండి

కర్ణాటక పటం ముందేసుకుని తుమకూరు జిల్లా ఎక్కడుందో ఒకసారి చూడండి. జిల్లా అంతా ఒకచోట ఉంటే, పావగడ తాలూకా ఒక్కటి తప్పిపోయిన పిల్లవాడిలా ఆంధ్రలోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. తుమకూరు నుంచి పావగడ వచ్చే బస్సు మధుగిరి దాటాక కాసేపు ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. ఆ తాలూకాలోని సరిహద్దు పల్లెల్లో ఒకటి మా వెంకటమ్మనహళ్లి. పత్రికలు చదివేవారిలో ఎవరికైనా ఈ పేరు గుర్తుంటే, 2005 ఫిబ్రవరిలో ఇక్కడి పోలీసు శిబిరం మీద జరిగిన నక్సలైట్ల దాడి వల్లనే గుర్తుంటుంది. ఊరికి ఆ పేరు రావడం ఊళ్ళోవాళ్ళెవరికీ ఇష్టం లేదు.

వానలు తక్కువ. బోర్లు లోతు. నీళ్ళలో ఫ్లోరైడు. వేరుశనగ వేసి ఆకాశం వంక చూడటం మా తాతల నాటి వృత్తి. తిరుమణి వైపు 2018 మార్చిలో సోలార్ పార్కు మొదలై, 2019 ఆఖరుకు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లకు చేరింది. భూములు అమ్ముకోనక్కర లేకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టారు. వేరుశనగ పండని చోట ఎండ పండుతోందని మావాళ్ళు నవ్వుతుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పల్లెల్లో మోటారు బండి అంటే ఒకటే బండి, టి.వి.యస్. హోసూరులో 1980లో తయారు కావడం మొదలైన టి.వి.యస్. 50 మోపెడ్ నా చిన్నతనంలోనే మా ఇంటికి వచ్చింది. పెడల్ తొక్కి స్టార్టు చేయాలి, పెట్రోలులో ఆయిల్ కలపాలి. అది మోసినన్ని మూటలు మా ఎద్దులు మోశాయో లేదో చెప్పలేను. ముందు వేరుశనగ మూట, వెనక మా బావ, బావ వెనక ఇంకో మూట. ఏ కంపెనీ మోపెడ్ అయినా మావాళ్ళకు ‘టి.వి.యస్.’సే. నేను బ్యాంకులో చేరాక రాసిన వాహన రుణాల్లో సగానికి పైగా ఆ జాతివే. వాయిదాలు ఎగ్గొట్టినవారు తక్కువ, ఎందుకంటే ఆ బండి తన వాయిదా తానే సంపాదించుకునేది.

మొన్న సంక్రాంతికి అదే హోసూరు నుంచి మా మేనల్లుడు వేరే రకం బండి మీద ఊళ్ళోకి దిగాడు. వాడు అక్కడ ఒక విడిభాగాల కర్మాగారంలో పనిచేస్తాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపుతూనే, మిగిలిన జీతం కూడబెట్టి అపాచీ ఆర్.ఆర్. 310 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎర్రగా, ముందుకు వంగి, దూకబోయే పిల్లిలా ఉంది. పండగ రోజులు కనుక రోడ్డు మీద ఉలవచెట్టు పరిచారు. వచ్చే పోయే లారీలూ ట్రాక్టర్లూ తొక్కితే గింజ రాలుతుంది. మా పక్క రోడ్డే కళ్ళం. ఆ ఎండు కట్టె మీద లారీ దర్జాగా పోతుంది, టి.వి.యస్. కూడా పోతుంది. ఈ బండి మాత్రం చక్రం జారి, వాడు రెండు కాళ్ళూ నేలకు ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ దాటించాడు. అరుగు మీది పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న “లీటరుకు ఎంత ఇస్తాదప్పా?” రెండోది “మూట యాడ పెడతారు?”

ఆ రాత్రి మా అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. “ఒరే, ధర్మవరం సంబంధం వాళ్ళు పిల్లోనికి రేసు బండి ఉందంట గదా అని అడుగుతాండారు. వానికి నువ్వన్నా చెప్పరా. నేను చెప్తే వినడు. సంబంధం పోతే ఇంకోటి వస్తాది. కాళ్ళూ చేతులూ పోతే ఎట్ల?” మా బావ పదేళ్ళ క్రితం మోపెడ్ మీద నుంచి పడి ఇప్పటికీ కుంటుతూ నడుస్తాడు. ఆమె భయం గాలిలోంచి పుట్టింది కాదు.

వాడిని అడిగితే, “మామా, నువ్వూ అమ్మా హోసూరు రాండి. బండి సూడండి, ఆమేన ఏం చెప్పినా వింటా” అన్నాడు. సరేనని పండగ వెళ్ళిన ఆదివారం తెల్లవారుజామునే కారులో బయలుదేరాం.

పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే హోసూరు దాకా అదే రోడ్డు. ఎర్రమంచి వద్ద 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారం ఉన్నదీ ఆ పెనుకొండ దగ్గరే. లేపాక్షికి మలుపు తిరిగే కొడికొండ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా బెంగుళూరు నుంచి పెద్ద మోటారు సైకిళ్ళు గుంపులుగా వస్తున్నాయి. ఆదివారం పొద్దున లేపాక్షి బసవన్న దాకా వచ్చి, టిఫిను చేసి వెనక్కి పోవడం వాళ్ళ ఆనవాయితీ. ఒక్కొక్కటి మా పల్లెలో ఇల్లు కట్టుకునే ఖరీదు. ఒకటి రయ్యిన పోయాక శబ్దం వెనకనించి వచ్చింది. అక్క చాలాసేపు చూసి, “వీళ్ళకెవరికీ అమ్మలు లేరా ఏమి?” అంది.

హోసూరు తమిళనాడులో ఉన్నా అంగళ్ళలో తెలుగు హాయిగా చెల్లుతుంది. మా పావగడకు అది దూరపు తోబుట్టువు. ఒకరు కన్నడ రాష్ట్రంలో తెలుగు, ఇంకొకరు తమిళ రాష్ట్రంలో తెలుగు. అక్కకు ఊరు నచ్చింది, వాడి గది నచ్చలేదు. గదిలో మంచం కంటే బండికి ఎక్కువ స్థలం ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా వాడు చెప్పిన పాఠం మీకూ చెప్పాలి. నేను కామర్స్ చదివినవాణ్ణి, లెక్క తేలితే తప్ప నాకు నమ్మకం కుదరదు. లెక్క ప్రకారం దీన్ని సూపర్ బైక్ అనకూడదు. ఆ మాట వెయ్యి సి.సి. ప్రాంతపు బండ్లది. 1988లో ప్రపంచ సూపర్ బైక్ పందేలు మొదలైనప్పుడు, బజారులో జనానికి అమ్మే బండితోనే పోటీకి రావాలని నియమం పెట్టారు. దాంతో కంపెనీలు పందెం కోసం బండి చేసి, దానికి లైట్లూ నంబరు పలకా తగిలించి అమ్మసాగాయి. ఆర్.ఆర్. 310 ఆ వంశపు చిన్న పిల్ల. టి.వి.యస్., జర్మనీ బి.ఎం.డబ్ల్యు. 2013లో కుదుర్చుకున్న ఒప్పందం నుంచి పుట్టిన ఇంజనుతో, 2017 డిసెంబరులో 2 లక్షల 5 వేల రూపాయల ధరకు వచ్చింది.

ఇంజనులో ఒకే సిలిండరు, 312 సి.సి. విచిత్రం ఏమిటంటే దాన్ని వెనక్కు తిప్పి పెట్టారు. మామూలు బండిలో గాలి, పెట్రోలు వెనకనుంచి లోపలికి వెళ్తే, పొగ ముందునుంచి వచ్చి ఇంజను చుట్టూ తిరిగి వెనక్కు పోతుంది. ఇందులో చల్లగాలి నేరుగా ముందునుంచి లోపలికి, పొగ నేరుగా వెనక్కి. పైగా ఇంజను బరువును ముందు చక్రం వైపు జరపవచ్చు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేతిని పొడుగు చేయవచ్చు. బండి మొత్తం పొడవు మాత్రం పెరగదు. ముందు చక్రం మీద బరువు ఉంటేనే మలుపులో అది నేలను పట్టుకుంటుంది.

సిలిండరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 62.1. ఇరవై లక్షలు దాటే బి.ఎం.డబ్ల్యు. ఎస్ 1000 ఆర్.ఆర్. అసలు సిసలు సూపర్ బైక్. దానిలో నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి సరిగ్గా ఇదే 80 వెడల్పు, కానీ పిస్టన్ కదిలేది 49.7 మాత్రమే. దూరం తగ్గించారు కనుక అది నిమిషానికి 13,750 చుట్లు తిరిగి 210 గుర్రాల బలం ఇస్తుంది. ఇది 9,700 చుట్ల దగ్గర 34 ఇస్తుంది. నేను కాగితం మీద గుణించాను. ఒక చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ఈ చిన్న బండి పిస్టన్ ఒక్క నిమిషంలో 1,200 మీటర్ల పైచిలుకు నడుస్తుంది. అదీ ఆరు సెంటీమీటర్ల గదిలో, అడుగడుగునా ఆగి వెనక్కి తిరుగుతూ! ఇప్పటి ఎక్స్.ఎల్. 100 మోపెడ్ బలం అయిదు గుర్రాలకు లోపే. అది మూటలు మోస్తుంది, ఇది మొయ్యదు. అది వేరే విషయం.

మలుపు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి 45 డిగ్రీలు వాలాలి, అంటే సగం పడిపోవాలి. అంతలా వాలినప్పుడు నేలకు రాసుకోకుండా కాలు పెట్టే కొయ్యలు ఎత్తున, వెనగ్గా పెడతారు. హ్యాండిలు కిందికి దించుతారు. రొమ్ము ట్యాంకుకు ఆనుతుంది, గాలి దెబ్బ తగ్గుతుంది. వేగం రెండింతలైతే గాలిని చీల్చడానికి ఎనిమిదింతల బలం కావాలి. అందుకే ఆ తొడుగు అంత నున్నగా ఉంటుంది. మలుపుకు ముందు గబగబా గేర్లు దించినా వెనక చక్రం తుళ్ళకుండా జారే క్లచ్ 2019లో చేర్చారు. వాన, ఊరు, స్పోర్ట్, ట్రాక్ అని నాలుగు రకాల నడక ఎంచుకునే మీట 2020లో వచ్చింది. 2024లో బలం 38కి పెంచి, ముందు రెండు రెక్కలు పెట్టారు. విమానం రెక్క పైకి లేపుతుంది, ఇవి కిందికి నొక్కుతాయి. వాడిది పాత బండి, వాటి మీద మోజు ఉన్నా డబ్బు లేదు.

వింటున్నకొద్దీ నాకు ఒకటి స్పష్టమైంది. ఆ బండిలో ఉన్న ప్రతి సుగుణమూ మా ఊరి రోడ్డు మీద అవలక్షణమే. వంగి కూర్చుంటే పక్కనుంచి వచ్చే ఎనుము కనపడదు. బిగువైన స్ప్రింగులు ప్రతి గుంతనూ నడుముకు అప్పజెప్తాయి. చటుక్కున తిరిగే హ్యాండిలు ఉలవకట్టె మీద చటుక్కున జారుతుంది. తప్పు బండిదీ కాదు, రోడ్డుదీ కాదు. ఆ మాటే వాడితో అన్నాను: “ఇది రోడ్డు మీద నీకు దక్కే బండి కాదురా. ట్రాక్ మీద నడుపుతానంటే నడుపు, లేదంటే అమ్మెయ్యి.”

“నేను కొన్నది అందుకే గదా మామా” అన్నాడు.

అప్పుడు బీమా పాలసీ తెమ్మన్నాను. మోటారు పాలసీలో వాహన వినియోగానికి పెట్టే పరిమితులు ఎంతమంది చదువుతారో గాని, ఏర్పాటు చేసిన పందేలకూ వేగ పరీక్షలకూ అది వర్తించదని అందులో రాసే ఉంటుంది. ట్రాక్ మీద బండి పడితే మరమ్మతు ఖర్చంతా వాడిదే. వాడు లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక రికరింగ్ డిపాజిట్ పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. పదిహేను నెలలుగా దానికోసమే వేస్తున్నాడు, ఒక్క నెల తప్పలేదు. విడిగా ప్రమాద బీమా సంగతి మాత్రం వాడికి తెలియదు. పందేలకు కూడా వర్తించేది దొరికితే తప్ప బండి ఎక్కవద్దని గట్టిగా చెప్పాను. దొరకడానికి మూడు వారాలు పట్టింది.

ఆ పైన ఫిబ్రవరిలో ఒక శనివారం శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై వెళ్ళాం. మద్రాసువాళ్ళు మొదట్లో షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పందేలు నడిపేవారు. 1990లో ఇక్కడ అచ్చమైన ట్రాక్ కట్టుకున్నారు. చుట్టు 3.7 కిలోమీటర్లు. వాడు బండిని చిన్న ట్రక్కులో వేసి తెచ్చాడు. అద్దాలు ఊడదీసి, లైట్లకు టేపు అంటించాడు. తోలు సూటు, వీపుకు రక్షణ పలక, హెల్మెట్, బూట్లు పూర్తిగా తనిఖీ చేశాకే లోపలికి వదిలారు. ఒక మూల అంబులెన్సు, మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మనిషి. అందరూ ఒకే దిక్కుకు పోతారు. ఎదురు రాకడ లేదు, కుక్క లేదు, ఎనుము లేదు, కళ్ళం లేదు. పడినా జారిపోవడానికి పక్కన ఖాళీ నేల ఉంది.

అక్క గొడుగు కింద కూర్చుని ఎర్ర బండి కనపడినప్పుడల్లా ఒక వేలు ముడుస్తూ వచ్చింది. దూరపు మలుపులో వాడు వాలినప్పుడు కళ్ళు మూసుకోవడం నేను చూశాను. ఆరో చుట్టుకు మూసుకోలేదు. వాడికంటే వేగంగా పోయినవారు చాలామందే ఉన్నారు. అందులో ఒకమ్మాయి రెండుసార్లు వాణ్ణి దాటేసింది. అక్కకు అది బాగా నచ్చింది. మధ్యాహ్నం ఆ అమ్మాయిని పిలిచి, డబ్బాలో తెచ్చిన వేరుశనగ ఉండలు పెట్టి, మీది ఏ ఊరమ్మా అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులోనే ధర్మవరం వాళ్ళకు ఫోను చేసింది. “రేసు బండి ఉండేది నిజమే. రోడ్డు మీద తోలడు. దానికని వేరే జాగా ఉంది, నేను పొయ్యి సూసొచ్చినా. కావాలంటే మీ అమ్మాయిని కూడా పిల్చకపోతాం” అని చెప్పింది. అవతలివాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు. ఈ వ్యాసం రాసే నాటికి ఇంకా చెప్పలేదు. మేనల్లుడు కర్మాగారానికి ఎక్స్.ఎల్. మీదే పోతున్నాడు, ఈ ఉగాదికి ఊరికి బస్సులో వస్తానన్నాడు.