పడవకి పైకప్పు వేశాం

సియాటెల్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే 35 నిమిషాల్లో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపం. అక్కణ్ణుంచి దాదాపు గంట ప్రయాణం. దారిలో హుడ్ కెనాల్ మీద నీళ్లలో తేలే వంతెన దాటాలి. ఆ చివర పోర్ట్ టౌన్‌సెండ్. పిల్లల దగ్గరికి వెళ్లిన మాలాంటి వాళ్లకి నయాగరా చూపిస్తారు, గుళ్లు చూపిస్తారు. నన్ను మాత్రం మా అల్లుడు ప్రతి శనివారం ఈ ఊరికి తీసుకెళ్లాడు. పాత తెరచాప పడవ ఒకటి కొని అక్కడి యార్డులో పెట్టాడు మరి!

ఊరు ముచ్చటగా ఉంటుంది. రైలు వస్తుందన్న ఆశతో 1880ల చివర్లో ఇటుక మేడలు కట్టేశారు. దేశంతో కలిపే రైలు రాలేదు, 1893 మాంద్యం వచ్చింది. మేడలు మిగిలాయి. ఒలింపిక్ పర్వతాలు మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి సియాటెల్ వానలో సగమే ఇక్కడ. పడవలు బాగుచేసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? రచయిత స్టెయిన్‌బెక్ 1940లో ప్రయాణించిన 'వెస్టర్న్ ఫ్లయర్' మునిగి తేలి, ఇక్కడే బాగుపడి, 2022లో మళ్లీ నీళ్లలోకి దిగింది.

మావాడిది అంత గొప్ప పడవ కాదు. 27 అడుగుల ఫైబర్ పడవ, 1970ల నాటిది. లోపలికి దిగితే పైనున్న వినైల్ గుడ్డ వాననీళ్లు నిండిన షామియానాలా వేలాడుతోంది. వెనకున్న స్పాంజి కుళ్లి నల్లటి పొడై మొహం మీద రాలింది.

నేను కాకినాడలో ముప్ఫై ఏళ్లు ఇళ్లు కట్టించినవాణ్ణి. ఫాల్స్ సీలింగులు ఎన్ని వేయించానో లెక్కలేదు. "రెండు రోజుల పని బాబూ" అనేశాను. అప్పటిదాకా మామా అల్లుళ్ల మధ్య "భోంచేశారా?" తప్ప మాటల్లేవు. ఇంటి లోను ఉండగా ఈ పడవేంటని నా కోపం. అది అతనికి తెలుసు.

రెండు రోజుల పని ఆరు శనివారాలు పట్టింది. అన్నట్టు, పడవ వాళ్ల భాషలో సీలింగ్ అంటే పక్కగోడలకి కొట్టే చెక్కలట! పైదాన్ని హెడ్‌లైనర్ అనాలి. ముందు పాత జిగురంతా గోకాలి. డెక్ మీది బోల్టులు ఒక్కోటీ విప్పి, కారకుండా కొత్త టేపు పెట్టి బిగించాలి. ఈ పని ఎగ్గొడితే కొత్త ప్యానెల్సూ కుళ్లుతాయి. తర్వాత చెక్క పట్టీల్ని ఎపాక్సీతో అతికించి, ఆరేదాకా కర్రలతో పోటు పెట్టాలి. వాటికే ప్లైవుడ్ ప్యానెల్స్ బిగిస్తాం. పడవలో తిన్నని గీత ఒక్కటీ ఉండదు. నా రసమట్టం, మూలమట్టం సంచిలోనే ఉండిపోయాయి. అట్టముక్కలు కత్తిరించి, పెట్టి చూసి, మళ్లీ కత్తిరించి, ఆ కొలతకి ప్లైవుడ్ కోయడమే. వంపుకి తగ్గట్టు ప్యానెల్‌ని తలతో నెట్టిపట్టి నేనుంటే, అతను స్క్రూ వేసేవాడు.

ఐదో శనివారం డ్రిల్లు నేను తీసుకున్నాను. స్క్రూ పొడవు చూసుకోలేదు. పైకెక్కి చూస్తే డెక్ మీద ముల్లులా మొన! నెల రోజులు నీళ్లు రాకుండా కప్పిన డెక్‌కి కన్నం పెట్టింది నేనే. అల్లుడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"మావయ్యగారూ, మీకన్నా ముందు నేను రెండు పెట్టాను. అమ్మాయికి చెప్పకండి" అన్నాడు.

కన్నం ఎపాక్సీతో పూడ్చాం. మర్నాటి వారం ఆ ఒక్క ప్యానెల్ విప్పి, అమ్మాయి పైనుంచి పైపుతో నీళ్లు కొడుతుంటే, ఇద్దరం కింద టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాం. పావుగంట. అరగంట.

"ఇంకా ఎంతసేపు నాన్నా?" అని పైనుంచి అరుపు.

"ఇంకో పది నిమిషాలమ్మా" అన్నాను. చుక్క పడలేదు. అల్లుడు మాత్రం కోరంగిలో పూర్వం ఓడలెలా కట్టేవారో అడుగుతున్నాడు.